అడవి అంచున చవుక భూమి

భూమి కొనవలెనను కోరిక తెలుగు రైతునకు తక్కిన కోరికల వంటిది కాదు. కూతురి పెండ్లి, కుమారుని చదువు, ముసలితనమున బువ్వ, ఊరిలో మాట చెల్లుబడి, ఇవన్నియు అతనికి భూమితోనే ముడిపడి యున్నవి. ఉన్న ఊరిలో భూమి ప్రియమైనచో అతడు ఆశను విడువడు, ఊరిని విడుచును. ఒక ఎకరము అమ్మిన సొమ్ముతో నాలుగైదు ఎకరములు వచ్చు తావు ఎక్కడ నున్నదో విచారించును. ధవళేశ్వరమున 1852లోను, బెజవాడ యొద్ద 1855లోను ఆనకట్టలు పూర్తియైన పిమ్మట గోదావరి, కృష్ణా డెల్టాలలో పంటలు పెరిగినవి. పంటలతో పాటు భూమి వెలయు పెరిగినది. తరములు గడచిన కొలది కుటుంబములు పెరిగి చెక్కలు చిన్నవైనవి. చిన్న చెక్కను అమ్మి పెద్ద చెక్కను కొనుటకై ఇరువదవ శతాబ్దమున ఎన్నియో కుటుంబములు కదలినవి. కొందరు నిజాంసాగరము కాలువల క్రిందికి పోయిరి. కొందరు తుంగభద్ర నీటిని వెదకికొనుచు కన్నడసీమలో గంగావతి, సింధనూరు ప్రాంతములకు పోయి, నేటికిని క్యాంపులని పిలువబడు పల్లెలను కట్టుకొనిరి. మరికొందరు ఖమ్మము మెట్టలను దాటి భద్రాచలము అడవుల అంచునకు చేరిరి.

మొదటి రెండు చోట్ల కొన్నవారి కథ నీటి కథ. నీరు వచ్చిన పిమ్మట చవుక భూమి ప్రియమైనది, కొన్నవాడు బాగుపడెను. మూడవ చోటి కథ వేరు. అచ్చట నీరున్నది, మట్టి యున్నది, వెల మాత్రము తక్కువ. ఏల తక్కువ? ఈ ప్రశ్నను వేసికొనక కొన్నవారు పలువురు. వేసికొనిన యెడల, ఒక భూభాగపు చరిత్ర యంతయు ఆ చిన్న ప్రశ్నకు సమాధానముగా కదలి వచ్చును.

తూర్పునకు పోయిన కొలది

ఖమ్మము పట్టణమునుండి భద్రాచలమునకు పోవు బాటసారి రెండు వేరువేరు లోకములను చూచును. మధిర, వైరా వైపు పత్తి, మిరప చేలు. పాలేరు వైపు నాగార్జునసాగరు ఎడమ కాలువ నీరు, వరి మళ్లు. తూర్పునకు తిరిగి కొత్తగూడెము చేరునప్పటికి బొగ్గు గనులు. పాల్వంచ దాటిన తరువాత టేకు, ఇప్ప, తునికి, వెదురు. సారపాకలోని కాగితపు మిల్లును దాటి, 1965లో తెరువబడిన వంతెన మీదుగా గోదావరిని దాటినచో భద్రాచలము. అచ్చటినుండి ఎగువకు దుమ్ముగూడెము, చర్ల, వెంకటాపురము. దిగువకు కూనవరము, అచ్చట శబరి వచ్చి గోదావరిలో కలియును. ఇంకను పోయినచో చింతూరు, దాని వెనుక ఛత్తీసుగఢ్ అడవులు.

ఈ దారిలో తూర్పునకు పోయిన కొలది భూమి వెల తగ్గుచుండును. మట్టి చెడినందున తగ్గినదనుకొనుట పొరపాటు. గోదావరి వరదలు పరచిన ఒండ్రులో పొగాకు, మిరప మైదానపు చేలకు తీసిపోక పండును. అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతములలో పామాయిలు తోటలు దట్టముగా పెరుగుచున్నవి. రోడ్లున్నవి, బస్సులున్నవి, పంట కొనువారున్నారు. అయినను పొరుగుననే యున్న రెండు గ్రామముల నడుమ, ఒక వాగునకు ఆ దరిని, ఈ దరిని, వెలలో పెద్ద వ్యత్యాసము కనబడుట కలదు. ఆ రెండింటి నడుమ గీత యొకటి ఉన్నది. అది నేలమీద కనబడదు; ప్రభుత్వపు జాబితాలో కనబడును. 1950లో రాష్ట్రపతి ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతములలో ఒక గ్రామము చేరినది, రెండవది చేరలేదు. వెలను నిర్ణయించునది మట్టి కాదు, ఆ గీత.

ఖాళీగా కనబడిన నేల

మైదానమునుండి వచ్చినవాని కంటికి అడవి అంచున నున్న నేల ఖాళీగా కనబడెను. గట్టు లేదు, కంచె లేదు. ఒక యేడు పండిన చోట కొన్నియేండ్లకు పొదలు. కాని అది ఎవరిదియు గాని నేల కాదు. కోయలు, కొండరెడ్లు అడవిని పోడు కొట్టి కొన్ని యేండ్లు పండించి, నేల అలసినపుడు దానిని విడిచి వేరొక చోటికి పోయెడివారు. విడిచిన నేల మరల అడవియై బలము పుంజుకొన్న పిదప తిరిగి వచ్చెడివారు. మైదానపు రైతు దానిని బంజరనెను. కోయ లెక్కలో అది విశ్రాంతి తీసికొనుచున్న పొలము. ఏ ఇప్పచెట్టు క్రింద ఏ యింటివారు పువ్వు ఏరుకొందురో, ఏ వాగు ఒడ్డు ఏ గుంపువారిదో ఊరందరికి తెలియును. కాగితము మీద వ్రాసి యుండదు. విత్తనము చల్లుటకు ముందు భూమి పండుగ చేసికొను ఆచారము కోయలలో నేటికిని ఉన్నది. భూమిని ముందుగా కొలిచి తరువాత దున్నువానికి, భూమిని ముందుగా పూజించి తరువాత విత్తువానికి నడుమ బేరము కుదిరినపుడు, ఆ బేరములో ఎవరు నష్టపోవుదురో చెప్పనక్కరలేదు.

ఆస్ట్రియా దేశమున జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ గోదావరి కొండలలో కొండరెడ్ల నడుమ తిరిగి వారిని గూర్చి 1945లో గ్రంథము ప్రకటించెను. గిరిజనుల విషయమున నిజాము ప్రభుత్వమునకు సలహాదారుగ కూడ పనిచేసెను. పలు సంవత్సరముల తరువాత మరల వచ్చి, తాను లోగడ చూచిన జాతుల స్థితి ఎట్లు మారినదో పరిశీలించి, 1982లో ప్రకటించిన గ్రంథములో భూమి చేతులు మారిన తీరును వివరించెను.

ఆ తీరు పెక్కు చోట్ల ఒక్కటే. వానకాలపు నడుమ కోయ యింట గింజలు నిండుకొనును. షావుకారు గింజలను అప్పిచ్చును. పంటనాటికి తీసికొన్నదానికంటె మిక్కిలి ఎక్కువగా కొలువవలెను. ఉప్పు, బట్ట, పెండ్లి ఖర్చు అదే ఖాతాలో చేరును. రెండు మూడేండ్లు వరుసగా పంట చెడినచో అప్పు పొలమునకు మించును. అపుడు పొలము కౌలుకు పోవును. కౌలు గడువు ఎప్పుడు తీరినదో చదువు వచ్చినవానికే తెలియును. కొన్నేండ్లకు వేలిముద్ర వేసిన తెల్లకాగితమొకటి బయటికి వచ్చును. తెలంగాణములో దానికి సాదాబైనామా యని పేరు. బలవంతముగా ఒక్కరోజున లాగికొనబడిన భూమి కూడ లేకపోలేదు. కాని కొంచెము కొంచెముగా జారిపోయినదే ఎక్కువ. కొన్నవానికి అది చవుక బేరము. అమ్మినవానికి అది బేరమే కాదు, అప్పు తీరుట.

నదికి ఇరుదరుల రెండు చట్టములు

భద్రాచలము వద్ద గోదావరి చాలకాలము రెండు ప్రభుత్వములకు ఎల్లగా నుండెను. నిజాము 1860లో నదికి ఎడమదరి భూములను ఆంగ్లేయులకు అప్పగించెను. భద్రాచలము కొంతకాలము మధ్యపరగణాలలో నుండి, 1874లో గోదావరి జిల్లాలో కలిసెను. పాల్వంచ వైపు కుడిదరి నిజాము రాజ్యముననే నిలిచెను.

ఎడమదరిని ప్రభుత్వమునకు కన్ను తెరపించినది గిరిజనుల ఆగ్రహము. 1879లో రంపలో లేచిన తిరుగుబాటు రేకపల్లి, భద్రాచలము ప్రాంతములకు కూడ ప్రాకెను. అప్పుల వ్యాజ్యములు, వర్తకుల మోసములు దాని కారణములలో కొన్ని. చాల ఆలస్యముగ, 1917లో, మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతముల వడ్డీ, భూబదిలీ చట్టమును చేసెను. ఆ పేరులోనే విషయమంతయు ఉన్నది. వడ్డీని అదుపు చేయక భూమిని కాపాడుట అసాధ్యమని దానిని వ్రాసినవారు గ్రహించిరి. కొండజాతివాడు కొండజాతివానికి గాక మరియొకరికి భూమి నమ్మినచో, ఏజెంటుగారి వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే ఆ అమ్మకము చెల్లదు.

కుడిదరిని రక్షణ ఇంకను ఆలస్యముగ వచ్చెను. ఆదిలాబాదు అడవులలో కొమురం భీము 1940లో నేలకొరిగిన పిమ్మటనే నిజాము ప్రభుత్వము గిరిజనుల భూమిని గూర్చి గట్టిగా ఆలోచింప మొదలిడెను. 1949లో గిరిజన ప్రాంతముల నిబంధన వెలువడెను.

1953లో ఖమ్మము జిల్లా ఏర్పడెను. 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడెను. ఆ సందర్భమున ఇరుప్రాంతముల నాయకులు చేసికొన్న పెద్దమనుషుల ఒప్పందములో తెలంగాణమునందలి వ్యవసాయ భూముల అమ్మకము ప్రాంతీయ మండలి అదుపులో నుండవలెనను షరతు చేరినది. ధనముగల డెల్టాకును, వెల తక్కువయైన మెట్టకును నడుమ ఎల్ల తొలగినచో ఏమి జరుగునో నాయకులకు తెలిసియే ఆ షరతు వ్రాయబడినది. మైదానపు తెలంగాణ రైతునకే అంత భయమున్నప్పుడు అడవిలోని కోయవాని మాట వేరుగా చెప్పవలెనా?

1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాకు వచ్చెను. అదే సంవత్సరము షెడ్యూల్డు ప్రాంతముల భూబదిలీ నిబంధన ఆంధ్ర ప్రాంతమున అమలులోనికి వచ్చెను. 1963 డిసెంబరు 1 నుండి తెలంగాణమునకు విస్తరించెను. అప్పటికి నదికి ఇరుదరుల ఒక్క చట్టము ఏర్పడెను. కాని అందు రెండు సందులుండెను. అనుమతి పొందినచో గిరిజనుని భూమిని కొనవచ్చును. మునుపే గిరిజనేతరుని చేతిలోనికి వచ్చిన భూమిని మరియొక గిరిజనేతరుడు అడ్డులేకయే కొనవచ్చును. ఈ రెండవ సందులోనుండి చవుక భూముల వ్యాపారము సాగెను.

1970 ఫిబ్రవరి 3వ తేదీనుండి అమలునకు వచ్చిన సవరణ ఆ సందులను మూసెను. దానిని జనులు వాడుకలో వన్ ఆఫ్ సెవెంటీ యందురు. దాని సారము ఇది: షెడ్యూల్డు ప్రాంతమున భూమిని అమ్మువాడు ఎవడైనను సరే, కొనువాడు గిరిజనుడే కావలెను. గిరిజనేతరుని చేతిలోనున్న భూమి ఒకప్పుడు గిరిజనుని నుండియే వచ్చినదని, వేరుగా ఋజువగునంత వరకు, చట్టము ఎంచును. అమ్మదలచిన గిరిజనేతరునకు గిరిజనుడగు కొనుగోలుదారు దొరకనిచో ప్రభుత్వమునకు అప్పగించి పరిహారము పొందవచ్చును. అమ్మకమే కాదు, కౌలు, తనఖా, దానము, మార్పిడి కూడ నిషేధములో చేరినవి. 1978 సవరణ ఈ ఉల్లంఘనను శిక్షార్హమైన నేరముగా చేసెను. ఇది రాజ్యాంగ విరుద్ధమని కొందరు న్యాయస్థానములకు పోయిరి; 1988లో సుప్రీముకోర్టు దీనిని సమర్థించెను. విశాఖ మన్యములోని గనుల విషయమున సమత యను సంస్థ తెచ్చిన వ్యాజ్యములో 1997లో అదే కోర్టు ఇంకను ముందునకు పోయి, ప్రభుత్వము కూడ షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు గనుల కౌలుగా ఇయ్యరాదని తీర్పు చెప్పెను.

చవుకకు రెండు కారణములు

చవుక భూమిని వెదకుట తెలుగువారి పని మాత్రమే కాదు. ఇటలీ దేశమున రోము, ఫ్లోరెన్సు వంటి నగరముల పేర్లు లోకమంతటికి తెలియును. మొలీసె యను కొండప్రాంతమును ఎరిగినవారు అరుదు. అచ్చటి పల్లెలలో యువకులు నగరములకు పోగా ముసలివారు మిగిలిరి. 2019లో ఆ ప్రాంతపు ప్రభుత్వము, రెండువేలలోపు జనాభాగల పల్లెలకు వచ్చి స్థిరపడి ఏదైనను వృత్తి సాగించువారికి మూడేండ్లపాటు నెలకు 700 యూరోలు ఇత్తుమని ప్రకటించెను. సిసిలీ ద్వీపమునందలి సంబూకా పట్టణము అదే సంవత్సరము పాడుపడిన ఇండ్లను ఒక్క యూరో మొదటి వెలగా వేలము వేసెను. మూడేండ్లలో ఇంటిని బాగుచేయవలెనని షరతు. అచ్చట ఇల్లు చవుక యగుటకు కారణము మనుష్యులు వెడలిపోవుట. కొనువాడు వచ్చినచో ఊరు బ్రతుకును.

భద్రాచలపు అంచున కారణము దీనికి సరిగా వ్యతిరేకము. అచ్చటి మనుష్యులు ఎచ్చటికిని పోలేదు. వారు ఇంకను అక్కడనే యున్నారు గనుకనే చట్టము కొనువారిని గీతకు ఆవల నిలిపినది. కొనువారు తగ్గినందున వెల తగ్గినది. కావున అచ్చటి తక్కువ వెల ఎవరికిని దొరకిన అదృష్టము కాదు. అది ఒక కంచె. కంచెను చూచి, పొలము చవుకగా నున్నదని సంతోషించుట వింత గదా! కొనువారు మరలవచ్చి ఆ ఊరిని బ్రతికింప నక్కరలేదు. వారు వచ్చినపుడెల్ల ఆ ఊరివారే మరికొంత లోపలికి, మరికొంత ఎగువకు జరిగిరి.

కంచె సందులు

ఇంత కట్టుదిట్టమున్నను భూమి చేతులు మారుట ఆగినదా? ఆగలేదు. చట్టమునకు ముందే కొన్నట్లు పాత తేదీలతో కాగితములు పుట్టినవి. పొలములో పనిచేయు గిరిజన పాలేరు పేరిట పట్టా, పంట మాత్రము వేరొకరి గాదెలోనికి. గిరిజన స్త్రీని వివాహమాడి ఆమె పేరిట భూమి సంపాదించినవారున్నారు. భద్రాచలము పట్టణములో ఇండ్ల స్థలములు సయితము నోటిమాట మీద, సాదాకాగితము మీద చేతులు మారుచుండును. ఇట్టి వివాదములను విచారించుటకు భద్రాచలమున గిరిజన సంక్షేమ ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు కచేరి కలదు. తీర్పు గిరిజనునకు అనుకూలముగ వచ్చినను అప్పీలు, స్టే, మరల విచారణ. తండ్రి వేసిన వ్యాజ్యము కుమారుని కాలమునకు కూడ నిలిచియుండుట వింత కాదు. తిరిగి వచ్చిన భూమికి ఎద్దులు, విత్తనములు, పెట్టుబడి లేక, మరల అదే మనిషికి కౌలునకు పోయిన సందర్భములును కలవు. 1917 నాటివారు గ్రహించిన సత్యము నేటికిని మారలేదు: అప్పు దారి మూయక భూమి దారి మూతపడదు.

రెండవ వైపును చూడక తీర్పు చెప్పుట న్యాయము కాదు. డెల్టానుండి వచ్చినవారందరును ధనికులు కారు. చెక్క చిన్నదై, అప్పులై, ఉన్నదంతయు అమ్మి వచ్చినవారు పెక్కురు. వారు కష్టించిరి, బోరులు వేసిరి, క్రొత్త పంటలు తెచ్చిరి. వారి మనుమలు అచ్చటనే పుట్టి అచ్చటనే పెరిగిరి. వారితో పాటు ఎన్నో తరములుగ అచ్చటనే నివసించు దళితులు, చేతివృత్తులవారు కూడ గిరిజనేతరులే. భూమి వారసత్వముగా సంక్రమించుటను చట్టము ఆపలేదు. కాని కూతురి పెండ్లికి అరయెకరము అమ్మవలెనన్నచో కొనువాడు దొరకడు, తనఖా పెట్టవలెనన్నచో వీలుపడదు. వారి తాత ఒకనాడు ఏ చవుకను చూచి సంతోషించెనో, ఆ చవుకయే నేడు వారిని బంధించినది. చౌకగా కొన్నవాడు చౌకగానైనను అమ్మజాలడు. తాత ఆనాడు వేసికొనని ప్రశ్నకు మనుమడు నేడు సమాధానము చెప్పుకొనుచున్నాడు.

నది చెప్పు మాట

చట్టమును మరచినవానికి నది జ్ఞాపకము చేయును. భద్రాచలము వద్ద గోదావరి మట్టము 43 అడుగులు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు ఎక్కెను; 2022 జూలైలో 71.3 అడుగులకు. ఒండ్రు పరచు చేతులే పంటను తుడిచివేయును. వేసవిలో పచ్చగా కనబడు ఒడ్డు భూమిని చూచి బేరమాడువాడు శ్రావణమాసములో ఒకసారి వచ్చి చూడవలెను.

దిగువన పోలవరము జలాశయము మరియొక లెక్కను తెచ్చినది. 2014లో ముంపునకు లోనగు మండలములు ఖమ్మము జిల్లానుండి ఆంధ్రప్రదేశమునకు మారెను. భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచినది. దాని పొరుగుపల్లెలు పెక్కు ఆవలి రాష్ట్రమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడెను. ఇన్ని ఎల్లలు మారినను భూబదిలీ నిబంధన రెండు రాష్ట్రములలోను నిలిచియే యున్నది. ముంపు పరిహారము మాత్రము కాగితమును అడుగును. తరతరములుగ పోడు చేసి కాగితము లేనివాడు అచ్చటను వెనుకబడును. ఆ లోటును తీర్చుటకే 2006లో అటవీ హక్కుల చట్టము వచ్చెను. 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి అడవి భూమిని సాగుచేయుచున్న గిరిజనునకు అది హక్కుపత్రమును ఇచ్చును. ఆ హక్కు బిడ్డలకు సంక్రమించును గాని అమ్ముటకు వీలులేదు. పోడు భూమి చవుకగా వచ్చునని చెప్పు మధ్యవర్తి ఈ సంగతిని చెప్పడు.

భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము దాపున పర్ణశాల యున్నది. వనవాసమున సీతారామలక్ష్మణులు అచ్చట నివసించిరని జనుల విశ్వాసము. ఏటేట యాత్రికులు పోయి ఆ ఆకుల పాకను చూచి వత్తురు. ఉపాధ్యాయులు విద్యార్థులను వెంటబెట్టుకొని పోవుదురు. రాజ్యమునకు వారసుడైనవాడు అడవికి వచ్చి పాక వేసికొని కాలము గడపెనే గాని, ఆ నేలకు హద్దురాళ్లు పాతలేదని బాలురకు చెప్పుట సులభము. తిరుగు దారిలో బస్సు కిటికీనుండి కనబడు పొలములను చూపి, ఇవి ఎవరివి, ఎవరివిగా నుండెడివి, ఎట్లు మారినవి యని అడుగుట మరికొంత కష్టము. ఎకరమునకు నూరు సెంట్లని బడిలో లెక్క నేర్పుదురు. ఎకరమునకు ఎంత యని అడుగుటకు ముందు, ఎవరిదని అడుగుటను కూడ నేర్పినచో ఆ యాత్ర సఫలమగును.